ఉద్దానం ఎలుగులు, ఊరకుక్కల జబ్బు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎలుగుబంట్ల మాట వస్తే మనుషుల మీద దాడుల దగ్గరే ఆగిపోతుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో జరిగింది ఎవరూ మరవలేదు. ఆ ఎలుగుల ప్రాణాలకు ఉన్న ముప్పు మాత్రం అంతగా చర్చకు రాదు. జీడి, కొబ్బరి, పనస తోటల్లో తిరిగే వీటికీ మహేంద్రగిరి వైపు కొండలకూ మధ్య రైలు పట్టాలున్నాయి, 16వ నంబరు జాతీయ రహదారి ఉంది. రాకపోకలు తెగితే దగ్గరి రక్తంలోనే పిల్లలు పుడతాయి. చుట్టూ ఊళ్లనిండా జబ్బులు మోసే కుక్కలే. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందన్న ప్రశ్న నలభై ఏళ్ల నాటిది.

అది చిరుతపులికి దూరపు చుట్టమైన చీతాతో మొదలైంది. 1982లో అమెరికాలోని ఆరెగాన్‌లో, విన్‌స్టన్ దగ్గరి జంతు ఉద్యానంలో పిల్లుల కరోనా వైరస్ చొరబడి చాలా చీతాలను చంపింది. పెంపుడు పిల్లుల్లో ఇంత నష్టం జరగదు. జన్యు శాస్త్రవేత్త స్టీఫెన్ ఓబ్రయన్ బృందం బంధుత్వం లేని చీతాల మధ్య చర్మం మార్చి అతికిస్తే ఒళ్లు తిప్పికొట్టలేదు. పరాయి చర్మాన్ని గుర్తుపట్టాల్సింది ఎంహెచ్‌సీ అనే రోగనిరోధక జన్యువులు; అవి చీతాలన్నిటిలో దాదాపు ఒకేలా ఉన్నాయన్నమాట. సూక్ష్మజీవి ముక్కను పట్టుకుని రక్షణ కణాలకు చూపించే ప్రొటీన్లు వీటి నుంచే వస్తాయి. ఒక్కో రూపం కొన్ని ముక్కలనే పట్టగలదు కాబట్టి, అన్నిటికీ ఒకే రూపం ఉంటే ఒకదాన్ని మోసగించిన వైరస్ అన్నిటినీ మోసగిస్తుంది. 1985లో అచ్చయిన ఈ వాదన చాలాకాలం తిరుగులేనిదిగా చలామణి అయింది.

తర్వాత లెక్క అంత సూటిగా లేదని తేలింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో కెనైన్ డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ జబ్బు సుమారు మూడో వంతు సింహాలను పొట్టనబెట్టుకుంది. అది చిన్న గుంపు కాదు. కరవుతో నీరసించిన అడవి దున్నల మీద విపరీతంగా పెరిగిన పిడుదుల ద్వారా బెబీసియా అనే రక్త పరాన్నజీవి కూడా అంటడంతో చావులు పెరిగాయని 2008లో తేల్చారు. కాలిఫోర్నియా దగ్గరి సాన్ నికొలస్ దీవి నక్కల్లో మిగతా జన్యు గుర్తులు దాదాపు ఒకేలా ఉన్నా ఎంహెచ్‌సీ వైవిధ్యం మిగిలే ఉందని 2004లో కనుగొన్నారు. నమీబియా అడవుల్లోని చీతాల్లోనూ అనుకున్నదానికన్నా ఎక్కువ రూపాలు దొరికాయి. మన దేశంలో 2018లో గిర్‌లో 23 సింహాలు పోయినప్పుడూ డిస్టెంపర్ వైరస్ బయటపడింది. మా అభిప్రాయంలో జన్యు వైవిధ్యం తగ్గడం ఎండు గడ్డి లాంటిది. నిప్పు ఊళ్లోంచి రావాలి.

ఎలుగులకూ ఈ నిప్పు అంటుతుంది. 2014 చివర్లో చైనాలోని ఒక రక్షణ కేంద్రంలో ఎలుగుల కుటుంబానికే చెందిన ఆరు పాండాలకు డిస్టెంపర్ సోకి ఐదు చనిపోయాయి. బతికినది ముందే టీకా పడినది. అయినా అడవి జంతువుకు కుక్కల సజీవ టీకా (బలహీనపరిచిన వైరస్‌తో చేసినది) వేయకూడదు. 1970ల తొలి ఏళ్లలో అమెరికాలో బందీలో ఉన్న నల్లకాళ్ల ఫెర్రెట్లు (ముంగిసలా కనిపించే చిన్న జంతువులు) ఆ టీకాతోనే డిస్టెంపర్ వచ్చి చనిపోయాయి. అందుకే టీకా పడాల్సింది ఊరకుక్కలకు. రేబిస్ సూది ఒక్కటే చాలదు. కుక్కపిల్లలకు 6–8 వారాల వయసులో డిస్టెంపర్ టీకా మొదటి డోసు వేసి, 3–4 వారాలకొకటి చొప్పున 16 వారాలు దాటేదాకా కొనసాగించాలి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు కాబట్టి తొలి డోసుతో ఆపేస్తే వేసినా వేయనట్టే.

ఎలుగుల జన్యువులు చూడటానికి మత్తు ఇవ్వక్కర్లేదు. తాజా మలం పైపొర నుంచి బఠాణీ గింజంత గీరి, దానికి కనీసం నాలుగింతల 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. పురుగులు తిని ఎండిన మలంలో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు రూపాల్లో ఒకటి పరీక్షలో జారిపోయి, లేని ఏకరూపత ఉన్నట్టు కనిపిస్తుంది. ఎంహెచ్‌సీ జన్యువులకు నకళ్లు ఎక్కువ కాబట్టి తికమక మరింత పెరుగుతుంది. ఒక్కో నమూనాను కనీసం రెండు మూడుసార్లు విడివిడిగా పరీక్షించాలి.

చనిపోయిన ఎలుగు దొరికితే కాల్చేముందు ఊపిరితిత్తులు, ప్లీహం, మెదడు ముక్కలను రెండు వంతులుగా తీయాలి: ఒకటి మంచులో పెట్టి వైరస్ పరీక్షకు, మరొకటి 10 శాతం ఫార్మలిన్‌లో వేసి కణజాల పరీక్షకు. ఫార్మలిన్‌లో వేసినదాన్నే జన్యు పరీక్షకు పంపితే ఫలితం నమ్మదగినది కాదు.