బూట్‌లోడర్ లేకుండా లేచే లైనక్స్

కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు మేలుకునేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. పాత రకం ఫర్మ్‌వేర్ అయిన బయాస్‌కు ఫైలంటే ఏమిటో తెలియదు. డిస్కులోని మొదటి 512 బైట్లను మెమరీలోకి తెచ్చుకుని నడిపించడమే దాని పని. అంత ఇరుకులో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ పట్టదు. అందుకే కెర్నల్‌ను వెతికి మెమరీలోకి తెచ్చే గ్రబ్ లాంటి బూట్‌లోడర్లు అవసరమయ్యాయి.

ఇప్పటి ఫర్మ్‌వేర్ యూఈఎఫ్ఐ, ఫ్యాట్ అనే ఫైల్ పద్ధతిలో ఉన్న పార్టిషన్‌ను (డిస్కులో ఒక భాగాన్ని) చదవగలదు, అందులోని ప్రోగ్రామును నడపగలదు. మరి కెర్నలే అలాంటి ప్రోగ్రాము అయితే మధ్యలో ఇంకొకరెందుకు? 2012లో వచ్చిన లైనక్స్ 3.3 నుంచి ఆ ఏర్పాటు ఉంది. కెర్నల్ ఫైలులోనే ఉండే ఆ చిన్న కోడ్ పేరు ఈఎఫ్ఐ స్టబ్.

మీ కెర్నల్ ఫైలును, బైట్లను ఉన్నదున్నట్టు చూపే హెక్స్‌డంప్‌లో తెరిచి చూడండి. మొదటి రెండు అక్షరాలు ‘ఎం’, ‘జెడ్’. విండోస్ ప్రోగ్రాముల మొదట్లో కనిపించే గుర్తే! డాస్ తయారుచేసినవారిలో ఒకరైన మార్క్ జ్బికోవ్‌స్కీ పొడి అక్షరాలవి. ఆ గుర్తు, దాని వెనకున్న హెడరు చూసి ఫర్మ్‌వేర్ కెర్నల్‌ను మామూలు ప్రోగ్రాములాగే నడుపుతుంది. స్టబ్ మెమరీ లెక్కలు అడిగి తీసుకుని, ఫర్మ్‌వేర్ దగ్గర సెలవు పుచ్చుకుని, మెషీన్‌ను కెర్నల్ చేతిలో పెడుతుంది.

నాకు ముచ్చటేసేది ఇంకొకటుంది. ఒకప్పుడు సరిగ్గా కెర్నల్ ఫైలు మొదటి 512 బైట్లలోనే ఫ్లాపీ బూట్ కోడ్ ఉండేది. కెర్నల్‌ను ఉన్నదున్నట్టు ఫ్లాపీ మీదికి కాపీ చేస్తే చాలు, ఎవరి సాయమూ లేకుండా లేచేది. లైనక్స్ 2.6 నాటికి ఆ కోడ్ తీసేసి, నేరుగా ఫ్లాపీ నుంచి బూట్ చేయడం ఇక కుదరదన్న సందేశం పెట్టారు. పోయిన ఆ విద్య ఇన్నేళ్లకు మళ్లీ అదే చోటికి వచ్చింది.

చేయాల్సింది కొంచెమే. కెర్నల్‌ను ఫర్మ్‌వేర్ చదివే ఆ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి కాపీ చేసి, ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండుతో ఫర్మ్‌వేర్ బూట్ జాబితాలో ఒక ఎంట్రీ రాయాలి. సిస్టమ్ ఫైళ్లుండే రూట్ పార్టిషన్ ఏదో కూడా అందులోనే చెప్పాలి. నా పాత ల్యాప్‌టాప్‌లో తిప్పలొచ్చింది ఇక్కడే. దాని ఫర్మ్‌వేర్ కెర్నల్‌ను పిలిచింది గానీ, నేను ఎంట్రీలో రాసిన మాటలు కెర్నల్‌కు అందించలేదు. రూట్ దొరక్క కెర్నల్ పానిక్, అంటే అంతా అక్కడే ఆగిపోయింది. అర్ధరాత్రి ఒకటే టెన్షన్. చివరికి ఆ మాటల్ని కెర్నల్ బిల్డ్ చేసేటప్పుడే లోపల పెట్టేశాను. ఇప్పుడైతే కెర్నల్, ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైళ్ల మూట), ఆ మాటలు అన్నీ కలిపి ఒకే ఫైలుగా కట్టే పద్ధతి, యూనిఫైడ్ కెర్నల్ ఇమేజ్, వచ్చింది.

ఏ కెర్నల్ కావాలో ఎంచుకునే గ్రబ్ మెనూ లేదు కాబట్టి పాత కెర్నల్‌కూ ఒక ఎంట్రీ ఉంచుకోవాలి. కొత్తదాన్ని నేను ముందు ఫర్మ్‌వేర్‌లోని ‘బూట్‌నెక్స్ట్’ అనే సెట్టింగ్‌లో పెడతాను. అది ఒక్కసారికే పనిచేస్తుంది. లేవకపోతే, ఆపి మళ్లీ ఆన్ చేయగానే పాతదే వస్తుంది.