నీటిరంగుల్లో కరిగిపోయే మనిషి: అపోహలు - వాస్తవాలు

"ఇందులో అసలు అర్థం ఏమిటండీ?" అని ప్రదర్శనల్లో నన్ను అడిగేవారిలో చాలామంది, అడగడమే తప్పన్నట్టు గొంతు తగ్గించి అడుగుతారు. చెట్ల నడుమ మనిషి ఆకారం సగం తేలి సగం కరిగిపోయిన అర్ధనైరూప్య చిత్రం ముందు ఈ బెరుకు మరీ ఎక్కువ. చిత్రకారుడు పొడుపుకథ వేసి విడుపును తన దగ్గరే దాచుకున్నాడన్న అపోహే దీనికి మూలం. విడుపు దొరకనివారు తమకు కళ అర్థం కాదని తీర్మానించుకుని, చిత్రాలు చూడడమే మానేస్తారు.

దాచిన విడుపు ఏదీ లేదు. ముందుగా చూడవలసినవి అంచులు. తడి కాగితం మీద రంగు పాకి మెత్తబడుతుంది, ఆరిన కాగితం మీద పదునుగా నిలుస్తుంది. భుజం పదునుగా ఉండి, మోకాళ్ల కింది భాగం గడ్డి రంగులోకి పాకిపోయి ఉంటే, ఆ మనిషి నేలలోంచి మొలుస్తున్నట్టు గానీ నేలలోకి ఇంకిపోతున్నట్టు గానీ చదువుకోవచ్చు. రెండింటికీ కాగితం మీదే సాక్ష్యం ఉంది. సాక్ష్యం చూపలేని ఊహను మాత్రం నేను ఒప్పుకోను.

ఒకసారి నేను చెట్టు కింద కూర్చున్న స్త్రీని వేస్తుండగా, ఆమె చెంప మీది రంగు సగం ఆరిన సమయంలో కుంచె నుంచి నీటిచుక్క జారిపడింది. ఆ నీరు రంగును చుట్టూ నెట్టి, వంకరటింకర అంచుతో పాలిపోయిన మచ్చను మిగిల్చింది. ప్రదర్శనలో ఒక పెద్దావిడ సరిగ్గా ఆ మచ్చనే చూపి, "ఈమె ఏడుస్తోందా, బాబూ?" అని అడిగారు. నేను కన్నీరు వేయలేదు. కానీ ఆ మచ్చను చూసి, ఉండనిమ్మని వదిలేసినది నేనే గనుక ఆమె పొరబడ్డారని అనలేకపోయాను.

ముఖం గీయకపోతే విషాదమని, నీలం వాడితే దిగులని చెప్పుకునే మాటలను పట్టించుకోనక్కరలేదు. అల్ట్రామెరీన్ నీలం రేణువులు గరుకు కాగితపు గుంటల్లో దిగి మంచుతెర వంటి నలుసుదనాన్నిస్తాయి గనుక, దూరపు చెట్లకు నేను దానినే కలుపుతాను. తెల్లగా వదిలిన చోటు అసంపూర్ణమనడమూ పొరపాటే. పారదర్శక నీటిరంగుల్లో కాగితమే వెలుతురు. 1906లో మరణించిన ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ చివరి ఏళ్ల నీటిరంగుల్లో కాగితం ఎన్నోచోట్ల ఖాళీగానే ఉంటుంది. ఆ తెలుపును మొదటి వాష్ (నీళ్లు కలిపిన పలుచని రంగు పూత) వేయకముందే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే ఒకసారి రంగు ఇంకిన కాగితం మళ్లీ అంత తెల్లగా రాదు.