ఊరకుక్క వీధి కుక్క అయిన క్రమం

ఊరపిచ్చుక, ఊరపంది, ఊరకుక్క. ఈ మాటల్లో ‘ఊర’ అన్నది మొదట తిట్టు కాదు. అడవిలో కాక ఊళ్లో బతికేదని చెప్పే విశేషణం మాత్రమే. ఏ ఇంటికీ కాక ఊరందరికీ చెందిన ఆ కుక్కే నేటి నగరపాలక పరిభాషలో యజమాని లేని ‘వీధి కుక్క’ అయింది. బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణల నుంచి వీధి కుక్కలను తరలించాలని, వాటిని తిరిగి అక్కడే వదలకూడదని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. పెద్ద బస్టాండు, పెద్ద జంక్షను రెండూ ఉన్న విజయవాడకు ఇది ఢిల్లీ వార్తగా మిగిలిపోయే విషయం కాదు.

కుక్క తోడేలు సంతతి. జర్మనీలోని బాన్-ఒబర్‌కాసెల్‌లో 1914లో బయటపడిన, సుమారు 14 వేల ఏళ్ల నాటి సమాధిలో ఒక స్త్రీ, ఒక పురుషుడితో పాటు కుక్కపిల్ల ఎముకలు కూడా ఉన్నాయి. దాని పళ్లను పరిశీలించినవారు, అది జబ్బుపడి కొన్ని వారాలపాటు మనుషుల సాకుడు వల్లనే బతికి ఉంటుందని భావించారు. వేటకు పనికిరాని పిల్లకు సేవ చేశారంటే ఆ బంధం అప్పటికే అవసరాన్ని దాటిందన్నమాట. వ్యవసాయం వచ్చాక కుక్క ఒళ్లే మారింది. పిండిపదార్థాలను అరిగించుకునే జన్యువు తోడేళ్లలో కంటే కుక్కల్లో ఎక్కువ ప్రతులుగా ఉందని 2013లో తేలింది. కృష్ణా డెల్టా ఊళ్లలో గంజి మెతుకులతో, ఎంగిలి విస్తళ్లతో కుక్క తరతరాలుగా బతకగలగడానికి ఒక కారణం అదే.

ఈ ఏర్పాటుకు పురపాలన అడ్డువచ్చింది. బొంబాయిలో కుక్కలను చంపినవారికి డబ్బిచ్చే పద్ధతిపై 1832లోనే పార్సీలు తిరగబడ్డారు. గుంటూరు 1866లో, బెజవాడ 1888లో మునిసిపాలిటీలయ్యాయి. పెంటకుప్ప చెత్తకుండీగా మారింది, కుక్క మాత్రం దాని పక్కనే ఉండిపోయింది. పట్టణవాసుల భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేము. పాశ్చర్ 1885లో రేబిస్ టీకాను మనిషికి వేసి చూపించినా, మద్రాసు రాష్ట్రంలో అందుకోసం కూనూరులో సంస్థ ఏర్పడడానికి 1907 దాకా ఆగవలసి వచ్చింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కథ మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే.

చంపడం వల్ల సంఖ్య తగ్గలేదు. ఒక వీధి కుక్కలను తీసేస్తే తిండి అక్కడే ఉంటుంది, పక్క వీధివి వచ్చి చేరతాయి. కొత్తవాటికి హద్దులు కుదిరేదాకా రాత్రిళ్లు కొట్లాటలే. అందుకే మద్రాసు నగరపాలక సంస్థ 1996లో చంపడం మాని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదిలే పద్ధతికి మారింది. 2001లో కేంద్రం దాన్నే దేశమంతటికీ నిబంధనగా తెచ్చి, 2023లో దాని స్థానంలో కొత్త నిబంధనలు పెట్టింది. అయితే కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడితే తప్ప రేబిస్ వ్యాప్తి ఆగదు. ఏడాదికోసారి నాలుగు వీధుల్లో వల వేసి ఫొటో దిగితే ఆ శాతం రాదు.

మన నగరాల్లో అసలు లోపం కాలం దగ్గర ఉందని నా అభిప్రాయం. ‘చిత్తకార్తె కుక్కలు’ అని ఎగతాళిగా అంటాము గానీ, అందులో పక్కా పరిశీలన ఉంది. వానాకాలం వెనకబట్టాక, అక్టోబరులో వచ్చే ఆ కార్తె చుట్టుపక్కలే ఇక్కడి కుక్కలు ఎక్కువగా జతకడతాయి. కడుపు మోసేది సుమారు 63 రోజులు. అంటే ధనుర్మాసం నాటికి ఈత. పిల్లల దగ్గరకు ఎవరు వచ్చినా తల్లి మీదపడేది కూడా అప్పుడే. కాబట్టి ఆపరేషన్లు చిత్తకార్తెకు ముందే ముమ్మరం కావాలి. టెండరు సంక్రాంతికి ఖరారైతే, అప్పటికే గోతాల చాటున పిల్లలు కళ్లు తెరిచి ఉంటాయి.