ల్యాప్‌టాప్‌కి వైఫై రావట్లేదా? ముందు ఆ పిన్ను పక్కన పెట్టండి (అపోహలు - వాస్తవాలు)

విజయవాడలో నాకు ల్యాప్‌టాప్ సర్వీసు షాపు ఉంది. "వైఫై కలవట్లేదండీ" అంటూ వచ్చే వాటిలో చాలావాటికి స్క్రూడ్రైవర్ ముట్టుకునే పనే ఉండదు. షాపుకి తెచ్చేలోపు ఇంట్లో చేసిన వైద్యమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

అపోహ: ఫోన్‌లో నెట్ వస్తోంది కాబట్టి రూటర్ బాగానే ఉంది, తప్పంతా ల్యాప్‌టాప్‌దే.

ఎవరైనా ఇలా చెబితే "ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి చూడండి" అంటాను. అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత నెమ్మదిగా, "ఫోన్‌లో కూడా రావట్లేదండీ..." అంటారు. వైఫైలో నెట్ లేదని తెలిస్తే చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. మనమేమో వైఫై వస్తోందనుకుంటాం.

ఇంకో పరీక్ష కూడా చేయండి. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌ని దానికి కలపండి. కలిసిందా, లోపలి వైఫై కార్డు బతికే ఉంది. ఈ రెండు నిమిషాల పని చేయకుండా కార్డు మార్చమని వచ్చేవాళ్లకి నేను కార్డు అమ్మను.

అపోహ: సిగ్నల్ గీతలు నిండుగా ఉంటే నెట్ ఉన్నట్టే.

ఆ గీతలు చెప్పేది ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య సంగతి మాత్రమే. రూటర్ నుంచి బయటి వైరు కథ వేరు. ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే కేబుల్ ఎక్కడో తెగిందనో, లూజయిందనో అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్‌ని ఎంత కెలికినా ఉపయోగం లేదు. వీధిలో చెట్టుకొమ్మలు కొట్టిన రోజు, పెద్ద వినాయకుడి ఊరేగింపు వెళ్లిన మర్నాడు నాకు ఈ ఎర్రలైటు ఫోన్లే ఎక్కువ.

లైట్లన్నీ సవ్యంగా ఉండి కూడా "నో ఇంటర్నెట్" అంటుంటే, సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిచి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ల్యాప్‌టాప్‌ని గుర్తుపట్టే నంబరు) చూడండి. అది 169.254తో మొదలైతే రూటర్ మీ ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇవ్వలేదు, విండోస్ తనే ఏదో ఒకటి పెట్టుకుంది. ఆ నెట్‌వర్క్‌ని "ఫర్గెట్" కొట్టి మళ్లీ కలపడం, రూటర్‌ని ఓసారి ఆపి వేయడం, ఈ రెండిటితోనే చాలాసార్లు దారికొస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐపీ అడ్రస్ చేత్తో పెట్టి వదిలేశారేమో కూడా చూడాలి. దాన్ని ఆటోమేటిక్‌కి మార్చాలి.

అపోహ: రీసెట్ అన్నా రీస్టార్ట్ అన్నా ఒకటే.

దీని గురించే ఈ పోస్టు మొదలుపెట్టాను. ఒక రిటైర్డ్ మాస్టారి ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ తప్పంటోందట. ఎవరో చెప్పారని ఆయన పిన్నీసు తీసి రూటర్ వెనక చిన్న రంధ్రంలో గుచ్చి, పది దాకా లెక్కపెట్టారు. అంతే, అంతకుముందు ల్యాప్‌టాప్‌కి మాత్రమే లేని నెట్ ఇప్పుడు ఇంట్లో టీవీకీ పోయింది, నాలుగు ఫోన్లకీ పోయింది. ఆ రంధ్రం రూటర్‌ని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకి తీసుకెళ్లిపోతుంది. మీరు పెట్టుకున్న వైఫై పేరు, పాస్‌వర్డ్ పోయి స్టిక్కర్ మీదున్నవి వస్తాయి. చాలా కనెక్షన్లలో పీపీపీఓఈ అనే లాగిన్ ఒకటి రూటర్‌లో ఎక్కించి ఉంటుంది. అదీ చెరిగిపోతుంది. అది కనెక్షన్ ఇచ్చినవాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ రోజు ఆదివారం, వాళ్లు ఫోన్ ఎత్తలేదు.

రీస్టార్ట్ అంటే స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేయడం. లైట్లు కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు ఇవ్వండి.

ఇంతకీ మాస్టారి అసలు సమస్య నమ్ లాక్. కొన్ని పాత, చిన్న కీబోర్డుల్లో అది పడి ఉంటే జె, కె, ఎల్ నొక్కినా 1, 2, 3 పడతాయి. పాస్‌వర్డ్ చుక్కల్లో కనిపిస్తుంది కాబట్టి మనకి తెలియదు. పక్కనున్న కన్ను గుర్తు నొక్కి, ఏం పడుతోందో చూస్తే సరిపోయేది.

అపోహ: షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను, అంటే రీస్టార్ట్ చేసినట్టే.

కాదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని, డ్రైవర్లతో (వైఫై కార్డు లాంటి భాగాలని నడిపించే సాఫ్ట్‌వేర్‌తో) సహా, డిస్కులో దాచుకుని తర్వాత అక్కణ్నుంచే లేస్తుంది. మొరాయించిన వైఫై డ్రైవర్ కూడా మొరాయింపుతోనే లేస్తుందన్నమాట. మెనూలో "రీస్టార్ట్" నొక్కితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. నాకు ఫోన్ మీద తీరిపోయే కేసుల్లో ఇది పెద్ద వాటా.

అపోహ: ఖరీదైన కొత్త రూటర్ తెచ్చాం, ఏ ల్యాప్‌టాప్ అయినా కలవాల్సిందే.

వైఫై తరంగాలు రెండు రకాలుగా వస్తాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని. పాత ల్యాప్‌టాప్‌ల్లో కొన్నిటికి 2.4 మాత్రమే తెలుసు. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరు వేరుగా పెట్టి ఉంటే, ఆ పేరు వాటికి లిస్టులో కనపడనే కనపడదు. సెక్యూరిటీ కింద కొత్త రకమైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టినా పాత కార్డులు కలవలేవు. రూటర్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. ఇంకో తమాషా ఉంది. పాత డ్రైవర్ ఉన్న కొన్ని ఇంటెల్ కార్డులకి వైఫై 6 (వైఫైలో కొత్త తరం) రూటర్ పేరే కనిపించదు. పక్కింటి వాళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి, మనింటిది తప్ప! డ్రైవర్ అప్‌డేట్ చేస్తే కనిపిస్తుంది. నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించుకోవాలంటారా? ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి.

అపోహ: వైఫై కలిసింది, సైట్లు తెరుచుకోవట్లేదు, కచ్చితంగా వైరస్.

టెన్షన్ పడకుండా ముందు మూలనున్న తేదీ చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, సైట్లు అసలైనవేనని చూపే సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అంటుంది. తేదీ సరిచేస్తే సైట్లు తెరుచుకుంటాయి. రోజూ వెనక్కి పోతుంటే బిళ్ల బ్యాటరీ మార్పించండి.

అపోహ: రూటర్ పక్కన కూర్చుంటేనే నెట్ వస్తోంది, రూటర్ వీకయింది.

ఇనప బీరువా వెనక, పెద్ద అద్దం వెనక రూటర్ పెట్టినవాళ్లకి ఈ మాట అనే హక్కు లేదు. అక్కణ్నుంచి తీసి చూడండి. తీశాక మిగతా వాళ్ల ఫోన్లకి హాల్లోంచి బెడ్‌రూమ్ దాకా వస్తూ, మీ ల్యాప్‌టాప్‌కి మాత్రం రెండడుగులు దాటితే పోతుంటే, చూపు మూత వైపు తిప్పండి. చాలా ల్యాప్‌టాప్‌ల్లో వైఫై యాంటెన్నా ఉండేది స్క్రీన్ చుట్టూ ఉన్న చట్రంలో. అక్కణ్నుంచి దారాల్లాంటి రెండు సన్నని వైర్లు, మామూలుగా ఒకటి నలుపు, ఒకటి తెలుపు, హింజ్ (మూత మడిచే బందు) గుండా కిందికి దిగి కార్డుకి తగులుకుంటాయి. హింజ్ విరిగితే మూత తెరిచినప్పుడల్లా అవి నలిగి తెగుతాయి. ర్యామ్ వేయించుకున్న తర్వాతో, ఫ్యాన్ శుభ్రం చేయించిన తర్వాతో ఇలా మొదలైతే, కార్డు మీది బుడిపెకి వైరు సరిగా నొక్కలేదని అనుమానించాలి. ఆ బుడిపె మిరపగింజంత ఉంటుంది, టక్‌మని చిన్న శబ్దం వస్తేనే కూర్చున్నట్టు. మా షాపులో పనికి కొత్తగా చేరిన కుర్రాడితో నేను ముందు చేయించేది ఈ ఒక్క పనే. వంద సార్లు తీసి పెట్టమంటాను, ఆ టక్ చెవికి అలవాటయ్యేదాకా.