సుల్తాన్ బజార్: ఒక సరిహద్దు గీత వెంట పెరిగిన పేట

హైదరాబాదులో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు 11 కిలోమీటర్ల మెట్రో రైలు మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైంది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ మార్గానికి గట్టిగా అడ్డు చెప్పిన వారిలో సుల్తాన్ బజార్ వర్తకులు ముందున్నారు. రాష్ట్ర విభజన తరువాత ప్రభుత్వం ఈ బజారును తప్పించి మార్గం మారుస్తామని చెప్పి, చివరకు పాత మార్గానికే మొగ్గింది. కొన్ని దుకాణాలు పూర్తిగా పోయాయి, కొన్ని ముందు భాగం కోల్పోయాయి. ఈ వ్యవహారాన్ని చాలామంది నష్టపరిహారపు తగాదాగానే చూశారు. అంత ఇరుకైన వీధిలో అన్ని రకాల మనుషులు ఎందుకు చేరారో, అక్కడి నుంచి కదలడానికి ఎందుకు ఒప్పుకోలేదో తెలుసుకోవాలంటే రెండు శతాబ్దాల వెనక్కి వెళ్లాలి.

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి అయిన అప్పటి రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున, పాత నగరపు ప్రాకారానికి ఎదురుగా, 1803లో ఒక మహా భవనం కట్టించడం మొదలుపెట్టాడు. ఆ పెద్ద ఇల్లే ‘కోఠీ’. నేడు నగరమంతా కోఠీ అని పిలిచే ప్రాంతానికి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. భవనం చుట్టూ పుట్టిన అంగళ్లకు రెసిడెన్సీ బజార్లని పేరు పడింది. వాటిపై అధికారం క్రమంగా రెసిడెంటు చేతికి వచ్చింది. పోలీసు, కోర్టు, పన్ను అన్నీ అతనివే. నాలుగడుగులు అవతల నిజాం రాజ్యం, ఇవతల ఇంగ్లీషువారి ఏలుబడి. పేట స్వభావాన్ని నిర్ణయించింది ఈ గీతేనని నా అభిప్రాయం.

అప్పులిచ్చే షావుకారుకు అన్నిటికంటే కావలసింది తన సొమ్ముకు, ఇంటికి భద్రత. అందుకే గుజరాతీ, మార్వాడీ వర్తకులు ఈ గీతకు లోపల స్థిరపడ్డారు. విలియం పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ కూడా రెసిడెన్సీ నీడలోనే ఎదిగి, నిజాం ప్రభుత్వానికే భారీగా అప్పులిచ్చింది. 1823లో ఆ అప్పు తీర్చడానికి నిజాం ఉత్తర సర్కారులపై తనకు కంపెనీ నుంచి ఏటా రావలసిన పేష్కష్‌ను, అంటే కప్పం సొమ్మును, శాశ్వతంగా వదులుకున్నాడు. శ్రీకాకుళం నుంచి గుంటూరు వరకున్న నేలతో హైదరాబాదుకు మిగిలిన చివరి బంధం ఈ వీధుల్లో పుట్టిన ఒక బాకీ వల్ల తెగిపోయిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాలు పెద్దగా చెప్పవు.

ఆ రక్షణకు వేరొక ముఖం కూడా ఉంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వంలో జనం రెసిడెన్సీపై దాడి చేశారు. ఆ తరువాత కోఠీ చుట్టూ రక్షణ మరింత బిగిసింది.

19వ శతాబ్దం చివరికి గీత లోపల సొమ్ముతో పాటు ఆలోచనలకు కూడా చోటు దొరికింది. పాలన, చదువు ఉర్దూలో సాగుతూ, సభ పెట్టాలంటే అనుమతులు కావలసిన రాజ్యంలో ఈ కొద్దిపాటి వెసులుబాటే చాలా ఎక్కువ. 1892లో ఇక్కడ ఆర్యసమాజం ఏర్పడింది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దానికి అండగా నిలిచారు. మరాఠీ పెద్దలు పక్కనే జాంబాగ్‌లో వివేకవర్ధిని పాఠశాలను నడిపారు.

కలిసి ఉండడమంటే ఎప్పుడూ సామరస్యమే కాదు. 1921 నవంబరులో వివేకవర్ధినిలో స్త్రీవిద్యకు పాటుపడిన మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగాలు సాగాయి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోగా సభికుల్లో కొందరు ఎగతాళి చేసి, చప్పట్లు కొట్టి, ఆయనను మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు జరిగిన అవమానమది. మనసు గాయపడిన కొద్దిమంది ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్రజన సంఘాన్ని స్థాపించారు. అదే తరువాత ఆంధ్ర మహాసభగా ఎదిగి తెలంగాణ పల్లెలను కదిలించింది. ఒకే పేటలో, పక్కపక్క ఇళ్లలో ఇన్ని భాషలు ఉండకపోతే ఆ అవమానమూ జరిగేది కాదు, ఆ సంఘమూ అంత తొందరగా పుట్టేది కాదు.

1933లో రెసిడెన్సీ బజార్లు తిరిగి నిజాం పాలనలోకి వచ్చి సుల్తాన్ బజార్ అయ్యాయి. గీత చెరిగిపోయింది గాని మనుషులు కదలలేదు. స్వాతంత్ర్యం తరువాత రెసిడెన్సీ భవనంలోకి మహిళా కళాశాల వచ్చింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయం. దొరల కొలువులో ఆడపిల్లలు చదువుకోవడం ఈ ప్రాంతంలో వచ్చిన మార్పులన్నిటిలో నాకు ఎక్కువ సంతోషమిచ్చేది. పేవ్‌మెంట్ల మీది పాత పుస్తకాల వ్యాపారానికి, గాజులకు, చీరలకు విద్యార్థినుల రాకపోకలు బలమిచ్చాయి.

మెట్రో వచ్చింది ఈ వీధిలోకే. కింద అంగడి, పైన ఇల్లు లేదా గిడ్డంగి, తరాలుగా అదే యజమాని, అదే అద్దెదారు: ఈ అమరిక వల్లనే చిన్న పెట్టుబడివాడు పెద్ద షావుకారు పక్కన నిలబడగలిగాడు. ముందరి పదడుగులు పోయిన అంగడిలో మిగిలిన స్థలానికి పరిహారం లెక్క కట్టవచ్చు. వాడుక పోయిన దానికి లెక్క కట్టే పద్ధతి ఎవరి దగ్గరా లేదు. రైలు అనవసరమని నేననను, నగరానికి అది అవసరమే. కాని వీధి చరిత్రను లెక్కలోకి తీసుకుని ఉంటే మార్గం గురించిన చర్చ ఇంకా ముందే, ఇంకా నిజాయితీగా జరిగేది.

బడీచౌడీ వైపు మ్యాచింగ్ సెంటర్లలో ఇప్పటికీ పాత పద్ధతే. కొనవచ్చిన ఆవిడ సంచిలోంచి చీర తీసి అంచు చూపిస్తుంది. దుకాణదారు లోపలి పనివాడిని ఒక భాషలో కేకేసి, ఆవిడతో తెలుగులో బేరమాడి, నాలుగు జాకెట్టు ముక్కలు పరుస్తాడు. ట్యూబ్‌లైటు వెలుగులో రంగు నమ్మలేం గనుక, చీరనూ ముక్కనూ చేత పట్టుకుని గడప దాటి బయటికి వస్తాడు, ఇదివరకు గడప మీదే దొరికిన ఎండ కోసం ఇప్పుడు మెట్రో వంతెన నీడ దాటి మరో నాలుగడుగులు వేస్తాడు.