నాన్నమ్మకి ఇచ్చిన చక్కెర ఇంజెక్షన్

చి. బుజ్జికి, చి. చంటికి,

తాతయ్య ఆశీస్సులు.

స్కానింగ్ నుంచి వచ్చిన రోజు నాన్నమ్మ దగ్గరికి రానివ్వలేదని చంటి అలిగి అన్నం మానేసిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "నాన్నమ్మకి ఏమైనా అంటుకుందా?" అని బుజ్జి అడిగాడట. ఏమీ అంటుకోలేదు నాన్నా. ఆ పొద్దున ఆవిడ నరంలోకి ఒక మందు ఎక్కించారు. దాన్నుంచి కొన్ని గంటలపాటు కంటికి కనపడని గామా కిరణాలు వస్తూ ఉంటాయి. ఆవిడకి దానివల్ల ఉపయోగం ఉంది, మీకు లేదు. అందుకే చిన్నపిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ ఆ పూటకి దూరంగా ఉండమంటారు. మిమ్మల్ని అలా ఆపినందుకు అందరికన్నా ఎక్కువ బాధపడింది ఆవిడే.

ఆ మందు పేరు ఎఫ్‌డీజీ, అంటే ఫ్లోరోడీఆక్సీగ్లూకోజ్. ఇన్నేళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పాను గానీ, ఇంత తెలివిగా అల్లిన అణువు ఇంకొకటి నాకు తారసపడలేదు. దాని గురించి మీకు తీరిగ్గా చెప్పాలని ఉంది.

బుజ్జీ, గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు ఉంటాయని నీకు తెలుసు. ఆ కార్బన్లకి వరసగా నంబర్లు వేస్తారు. రెండో కార్బన్ దగ్గర ఒక ఆక్సిజన్, దాన్ని పట్టుకుని ఒక హైడ్రోజన్ ఉంటాయి. ఆ జంటని తీసేసి అక్కడ ఒక్క ఫ్లోరిన్ పరమాణువుని పెట్టారనుకో, అదే ఎఫ్‌డీజీ. మార్చింది అంతే. అందుకే మన కణాలు దాన్ని పోల్చుకోలేవు. గ్లూకోజ్‌ని లోపలికి తీసుకునే ప్రోటీన్లు దీన్నీ తీసుకుంటాయి. లోపల హెక్సోకైనేజ్ అనే ఎంజైము గ్లూకోజ్‌కి తగిలించినట్టే దీనికీ ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. పై మెట్టుకి వెళ్ళాలంటే రెండో కార్బన్ దగ్గర ఆ ఆక్సిజన్ ఉండితీరాలి. దీనికి లేదాయె! ప్లాట్‌ఫాం టికెట్ కొన్నవాడు స్టేషన్లోకి వెళ్ళగలడు గానీ రైలెక్కలేడు, దీని పరిస్థితీ అంతే. పోనీ వెనక్కి వద్దామా అంటే, ఫాస్ఫేట్ తగిలాక ఋణావేశం వచ్చేస్తుంది, కణం పొర దాన్ని దాటనివ్వదు. దాంతో వెళ్ళిన చోటే ఉండిపోతుంది.

ఏ కణం చక్కెర ఎక్కువ లాక్కుంటే అందులో ఇది ఎక్కువ పోగుపడుతుంది. క్యాన్సర్ కణాలు చాలావరకు మామూలు కణాలకన్నా ఎక్కువ గ్లూకోజ్ వాడతాయని జర్మనీలో ఆటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. ఆ గమనింపుకీ ఈ స్కాన్‌కీ మధ్య అర్ధశతాబ్దం గడిచింది.

లోపల ఎక్కడ పోగుపడిందో బయటికి తెలియాలి కదా. అందుకే పెట్టేది మామూలు ఫ్లోరిన్ కాదు, ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక రకం. సైక్లోట్రాన్ అనే యంత్రంలో, బరువైన ఆక్సిజన్ ఉన్న నీటి మీదికి ప్రోటాన్లని వేగంగా కొట్టి దాన్ని పుట్టిస్తారు. అది విచ్ఛిన్నమైనప్పుడు పాజిట్రాన్ అనే, పరమాణువుకన్నా చిన్నదైన రేణువు బయటికొస్తుంది. అది ఎంతో దూరం పోకుండానే ఒక ఎలక్ట్రాన్‌ని కలుసుకుని, రెండూ మాయమైపోతాయి. వాటి బదులు రెండు గామా కిరణాలు, ఒకటి ఇటూ ఒకటి సరిగ్గా దానికి ఎదురుగా అటూ దూసుకుపోతాయి. స్కానర్లో మనిషి చుట్టూ ఉన్న గుండ్రటి చట్రం నిండా డిటెక్టర్లే. ఎదురెదురు డిటెక్టర్లు రెండు ఒకేసారి స్పందించాయంటే, వాటిని కలిపే గీత మీదే ఎక్కడో ఆ సంఘటన జరిగిందన్నమాట. అలాంటి గీతలు లక్షలకొద్దీ పోగేసి కంప్యూటర్ బొమ్మ కడుతుంది. దాన్నే పెట్ స్కాన్ అంటారు.

ఒక పదార్థానికి గుర్తు తగిలించి అది ఎక్కడెక్కడికి పోతుందో చూడటం హంగరీవాడైన జార్జ్ డి హెవెసీ ఆలోచన. ఆయన మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తున్న రోజుల్లో, తను కంచంలో వదిలేసిన కూడే మళ్ళీ వండి పెడుతున్నారేమోనని ఇల్లుగలావిడ మీద అనుమానం వచ్చిందట. మిగిలిన దాంట్లో రవంత రేడియోధార్మిక పదార్థం కలిపి, తర్వాత వడ్డించిన దాన్ని పరికరంతో పరీక్షిస్తే దొరికిపోయింది! ఆయనే చెప్పుకున్న కథ ఇది. 1923లో చిక్కుడు జాతి మొక్కల్లో రేడియోధార్మిక సీసం ఎలా పాకుతుందో చూసి ప్రచురించాడు. 1943 రసాయన శాస్త్ర నోబెల్ ఆయనకే.

ఫ్లోరిన్-18తో ఎఫ్‌డీజీని మొదట న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారుచేశారు. 1976 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో అబాస్ అలవి బృందం దాన్ని తొలిసారి మనుషులకి ఇచ్చింది. అక్కడికి మందు విమానంలో వచ్చింది, ఎందుకంటే ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకీ సగమైపోతుంది. కొని దాచిపెట్టుకునే మందు కాదు. ఏ రోజుది ఆ రోజే తయారవ్వాలి, సీసపు డబ్బాలో ఆస్పత్రికి చేరాలి.

నాన్నమ్మకి ఏం చేశారో కూడా చెప్తాను. నాలుగైదు గంటలు ఏమీ తినకుండా రమ్మన్నారు, మంచినీళ్ళు తప్ప. తిని వస్తే ఒంట్లో ఉన్న అసలు చక్కెర ఈ మందుకి పోటీ వస్తుంది. వెళ్ళగానే వేలు మీద గుచ్చి షుగర్ చూశారు. సిరంజికి బరువైన లోహపు తొడుగు వేసి ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత గంటసేపు ఒక గదిలో దుప్పటి కప్పి పడుకోబెట్టారు. చలేస్తే మెడ దగ్గర ఒళ్ళు వేడెక్కించే కొవ్వు చక్కెర లాగేసుకుంటుంది, అది బొమ్మలో మెరిసి డాక్టర్లని తికమక పెడుతుంది. మాట్లాడితే గొంతు కండరాలు మెరుస్తాయి. అందుకే మాట్లాడొద్దన్నారు. గంటసేపు మౌనంగా ఉండటం మీ నాన్నమ్మకి ఎంత కష్టమో నేను ఊహించగలను!

ఇంకో విషయం నాకు ఎంతో ఇష్టం. ఫ్లోరిన్-18 విచ్ఛిన్నమయ్యాక ఏమవుతుందో తెలుసా? ఆక్సిజన్. రెండో కార్బన్ దగ్గర లేదనుకున్న ఆక్సిజనే వచ్చి కూర్చుంటుంది, పక్కనుంచి ఒక హైడ్రోజన్‌ని తెచ్చుకుంటుంది. అప్పటిదాకా ఇరుక్కుపోయిన అణువు మామూలు గ్లూకోజ్ దారిన పడి కరిగిపోతుంది. కొంత మందు మూత్రంలో ముందే పోతుంది. మర్నాటి పొద్దుటికి దాదాపు ఏమీ మిగలదు.

రిపోర్టు ఇంకా రాలేదు. వచ్చాక అందులో ఎక్కడో మెరిసిందని రాసి ఉంటే కంగారు పడకండి. మెదడు ఎప్పుడూ మెరుస్తుంది, గుండె మెరవచ్చు, మూత్రాశయం ఎలాగూ మెరుస్తుంది. క్షయ గడ్డ మెరుస్తుంది, మామూలు వాపు కూడా మెరుస్తుంది, ఎందుకంటే అక్కడ పోరాడే కణాలకీ చక్కెర కావాలి. మెరిసిన చోటల్లా క్యాన్సర్ అనడానికి లేదు. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి మైక్రోస్కోపులో చూశాకే డాక్టర్లు తేల్చి చెబుతారు. కాబట్టి బుజ్జీ, ఆ పొడుగాటి మాటలు పట్టుకుని ఫోన్లో వెతకొద్దు. పేజీలన్నీ ఫోటో తీసి నాకు పంపు. డాక్టరుగారిని కలిసే రోజుకి నేనూ వస్తున్నాను. అడగాల్సినవి ఏమైనా ఉంటే నువ్వూ చంటీ ఒక కాగితం మీద రాసి ఉంచండి.

మీ తాతయ్య