హ్యాంగ్‌బోర్డు చేసుకుంటున్నారా? చెక్క కంటే ముందు గోడ చూడండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో నాది చెక్కపని. తీరిక దొరికితే గుట్టలు ఎక్కుతాను. అందుకే క్లైంబింగ్ నేర్చుకుంటున్న పిల్లలు హ్యాంగ్‌బోర్డు చేయించుకోవడానికి నా దగ్గరికి వస్తుంటారు. తలకు పైన గోడకు బిగించి, సన్నని అంచుల మీద వేళ్ళు ఆనించి వేలాడే చెక్క అది. వేళ్ళ పట్టు పెంచుకోవడానికి వాడతారు. వచ్చినవాళ్ళు అందరూ ముందు చెక్క గురించే అడుగుతారు. నేను మాత్రం "మీ గోడ ఏం గోడ?" అని అడుగుతాను. బోర్డు విరగడం నేనింతవరకు చూడలేదు. ఊడివచ్చిన బోల్టులను చూశాను, వాచిన వేళ్ళను చూశాను.

అపోహ: టేకు అయితేనే ఆగుతుంది.

వాస్తవం: 70 కిలోల మనిషిని మోయడానికి 2 అంగుళాల మందం ఉన్న మద్ది, వేప, రబ్బర్‌వుడ్ ఏదైనా చాలు. ఆదిలాబాద్, ములుగు అడవుల టేకుకు పేరుంది, నాకూ ఆ చెక్కంటే ఇష్టమే. కానీ టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి ముక్కలు అతికించేటప్పుడు జిగురు సరిగా పట్టదు. అతికే ముఖాన్ని థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరిన వెంటనే జిగురు రాయాలి. ఏ చెక్కయినా బాగా ఆరినదై ఉండాలి, ముడులు, పగుళ్ళు ఉండకూడదు. పచ్చి చెక్కతో చేస్తే మన ఎండలకు మెలి తిరుగుతుంది. పాత ఇళ్ళు కూల్చినప్పుడు దొరికే దర్వాజ చెక్క దీనికి చాలా బాగుంటుంది. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క అది. మిషన్ మీద పెట్టే ముందు లోపల మేకులు ఉన్నాయేమో వెతికి తీయాలి, అంతే.

అపోహ: పెద్ద స్క్రూలు నాలుగు కొడితే గోడకు ఆగిపోతుంది.

వాస్తవం: విదేశీ వీడియోల్లో గోడను తట్టి చూసి, లోపలి చెక్క నిట్టాడు ఎక్కడుందో కనుక్కొని నేరుగా దానికే స్క్రూ బిగిస్తారు. అమెరికాలో చాలా ఇళ్ళ గోడలు చెక్క చట్రంతో కట్టినవి. మన ఇళ్ళలో ఇటుక, సిమెంటు బ్లాకు, కాంక్రీటు ఉంటాయి. ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు.

మీ గోడ ఏమిటో డ్రిల్ నుంచి రాలే పొడే చెబుతుంది. మొదట వచ్చే మెత్తని బూడిదరంగు పొడి ప్లాస్టరుది. దాదాపు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా ఉంటుంది, దానికి మోసే శక్తి లేదు. తర్వాత ఎర్రగా రాలితే ఇటుక. బూడిదరంగే వస్తూ బిట్టు మొరాయిస్తూ దిగితే కాంక్రీటు. వెన్నలోకి దిగినట్టు దిగిపోతే లైట్‌వెయిట్ బ్లాకు. అన్నిటికంటే మంచిది కాంక్రీటు, అంటే తలుపుల పైన 7 అడుగుల ఎత్తులో ఉండే లింటల్ బీము. కొన్ని ఇళ్ళలో అది గోడ పొడవునా వెళ్తుంది, ఇల్లు కట్టిన మేస్త్రీని అడిగితే చెబుతాడు. అక్కడ 10 మిల్లీమీటర్ల యాంకర్ ఫాస్టనర్లు, అంటే బిగించేకొద్దీ రంధ్రంలో విచ్చుకుని పట్టుకునే బోల్టులు వాడండి. రంధ్రంలో పొడి మొత్తం ఊదేశాకే దింపండి. బిట్టుకు ఇనుప చువ్వ తగిలితే బలవంతం చేయకుండా పక్కకు జరగండి.

ఇటుకలో ఇదే ఫాస్టనర్‌ను బాగా బిగిస్తే అది లోపల విచ్చుకుని ఇటుకనే పగలగొడుతుంది. ఎంత లావు బోల్టు వేస్తే అంత గట్టి అనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది. ఇటుకకు కెమికల్ యాంకర్ మేలు, అంటే రంధ్రంలో గట్టిపడే జిగురు నింపి బోల్టును అతికించడం. నాలుగున్నర అంగుళాల గోడైతే బోల్టును అవతలికి తీసి, అటువైపు ఇనుప పట్టీ పెట్టి నట్టు బిగించడం ఇంకా మేలు. లైట్‌వెయిట్ బ్లాకుకూ ఇదే పద్ధతి. పాత మట్టి గోడలకు మాత్రం బోర్డు బిగించవద్దు.

ఇంకో మాట, చాలామంది పట్టించుకోనిది. మీ బరువు బోల్టులను కిందికి మాత్రమే లాగదు, పై బోల్టులను గోడలోంచి బయటికి కూడా లాగుతుంది. లెక్క చూడండి. వేళ్ళు గోడకు 6 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి, మనిషి 70 కిలోలు. పై బోల్టులకూ బోర్డు కింది అంచుకూ మధ్య 12 సెంటీమీటర్లే ఉంటే పై వరుసను బయటికి లాగే బలం సుమారు 35 కిలోలు. అదే బోర్డును 40 సెంటీమీటర్ల ఎత్తున్న 18 ఎంఎం ప్లైవుడ్‌కు బిగించి, ఆ ప్లైవుడ్‌ను గోడకు బిగిస్తే, దాని మందం కలుపుకున్నా అది సుమారు 14 కిలోలకు దిగుతుంది. ప్లైవుడ్ లేకుండా, తలుపు తగులుతుందని వెనక చెక్క దిమ్మెలు పెట్టి బోర్డును ఇంకో 15 సెంటీమీటర్లు ముందుకు తెస్తే 120 కిలోలు దాటుతుంది. ఎగిరి పట్టుకుంటే ఇంకా ఎక్కువ. అందుకే ప్లైవుడ్ మానవద్దని బతిమాలి చెబుతుంటాను. పై వరుస బోల్టులు లింటల్‌లోకి వెళ్ళి, ప్లైవుడ్ కింది భాగం ఇటుక గోడకు ఆనుకుని ఉంటే చక్కగా కుదురుతుంది.

సింహద్వారం మీద మాత్రం వద్దు. పసుపు కుంకుమ పెట్టి తోరణం కట్టే చోట డ్రిల్ పెడితే ఇంట్లో పెద్దవాళ్ళు బాధపడతారు, పైగా వచ్చేపోయేవాళ్ళ తలలకు తగులుతుంది.

అపోహ: అంచు ఎంత సన్నగా ఉంటే వేళ్ళు అంత త్వరగా బలపడతాయి.

వాస్తవం: మొదటి బోర్డుకు 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోతున్న అంచు ఒకటి, 35 లోతున్నది ఇంకొకటి చాలు. 10 మిల్లీమీటర్ల అంచు చేసిపెట్టమని కొత్తవాళ్ళు అడిగితే నేను చేయను. వేళ్ళను ముడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి, వాటి బలం టెండన్ల ద్వారా, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళలాంటి వాటి ద్వారా వేళ్ళకు అందుతుంది. ఆ టెండన్లను ఎముకకు అంటిపెట్టి ఉంచే చిన్న పట్టీలను పుల్లీలంటారు. కండరం పెరిగినంత వేగంగా ఇవి గట్టిపడవు. బొటనవేలిని చూపుడువేలి మీద వేసి బిగించే పట్టులో ఈ పుల్లీల మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది, బోర్డు మీద ఆ పట్టు వద్దు. కాళ్ళు స్టూలు మీద ఆనించి కొంత బరువు తగ్గించుకుని 10 సెకన్లు వేలాడండి, 2, 3 నిమిషాలు ఆగండి, ఇలా నాలుగైదుసార్లు. వారానికి రెండు రోజులు చాలు.

అంచు పదునును రౌటర్‌తో 5, 6 మిల్లీమీటర్ల గుండ్రం చేసి, 80, 120, 220 నంబర్ ఎమరీ పేపర్లతో వరుసగా రుద్దాలి. అయ్యాక పాత లుంగీ గుడ్డను అంచు మీదుగా లాగి చూడండి. ఒక్క పోగు తగులుకున్నా మళ్ళీ రుద్దాల్సిందే.

అపోహ: వార్నిష్ వేస్తే ఎక్కువకాలం వస్తుంది.

వాస్తవం: వేళ్ళు జారతాయి. ఏమీ పూయని చెక్కే చెమటను పీల్చుకుంటుంది. జిడ్డు పేరుకుంటే బ్రష్‌తో రుద్దండి, చాలు.

అపోహ: పిల్లలకు చిన్నప్పుడే మొదలుపెట్టిస్తే మంచిది.

వాస్తవం: ఈ మాట చెప్పేటప్పుడు తల్లిదండ్రులు మలావత్ పూర్ణను గుర్తుచేస్తారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, భువనగిరి రాతి మీద నేర్చుకుని 2014 మే 25న, 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. మనందరికీ గర్వకారణం. కానీ అది కాళ్ళు, ఊపిరి, ఓర్పు మీద నడిచే పని. ఒంటి బరువంతా వేలి కణుపుల మీద వేయడం వేరు. ఎదిగే వయసులో వేలి ఎముకల చివర పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది, అక్కడే చిట్లుతుంది. 16 ఏళ్ళలోపు పిల్లలను రాళ్ళు ఎక్కనివ్వండి, బోర్డు వద్దు. మధ్య కణుపు నొప్పి అంటే జండూబామ్ రాసి ఊరుకోకుండా ఎక్స్‌రే తీయించండి.

అపోహ: బోర్డు మీద బలం వస్తే ఏ గుట్టయినా ఎక్కేయొచ్చు.

వాస్తవం: వరంగల్ చుట్టుపక్కల గ్రానైటు గుట్టలు చాలావరకు నున్నగా, వాలుగా ఉంటాయి. అక్కడ పని పాదాలదే. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల ఇసుకరాతి మీద మాత్రం వేళ్ళ బలం బాగా అక్కరకొస్తుంది. వాన పడ్డాక ఇసుకరాయి లోపలి తడి ఆరేవరకు ఎక్కవద్దు, పట్టుకున్న రాయి పెళుసై ఊడి వస్తుంది. అక్కడి ఆదిమానవుల బొమ్మలున్న రాళ్ళకు చాక్ (చేతులు జారకుండా రాసుకునే తెల్లపొడి) చేతులు తగలనివ్వకండి.

అపోహ: అద్దె ఇంట్లో కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. చిన్న చెక్కకు 20 మిల్లీమీటర్ల అంచు చేసి, మధ్యలో తాడు కట్టి, తాడుకు ఇసుక సంచీ వేలాడదీసి నేల మీద నుంచి నిటారుగా లేపండి. ఒక్కో చేతికి విడిగా చేయాలి. తక్కువ ఇసుకతో మొదలుపెట్టి వారాల మీద పెంచుకుంటూ పోవచ్చు. గోడకు రంధ్రం ఉండదు, ఓనరుతో గొడవా ఉండదు.